భార్య పేరు రాయవలసిన చోట

మొన్న మా పక్క ఫ్లాటులోని అమ్మాయి నా పింఛను ఫారమేదో ఫోనులో నింపుతూ, "ఆజీ, నవరా పేరు కాడ ఏం పెట్టాలె? ఖాళీగ ఉంచితే ముందుకు పోతలేదు" అని అడిగింది. చంద్రపూర్‌లో పుట్టిన మన పిల్లల మాట ఇలాగే ఉంటుంది, సగం మరాఠీ, సగం తెలుగు. వినడానికి నాకు ముద్దుగానే ఉంటుంది. మొగుడి పేరు అడిగే ఆ చోట పెళ్లి కాలేదని పెట్టమన్నాను. ఆ పిల్ల టక్కున నొక్కేసి తన కాలేజీ కబుర్లలో పడిపోయింది గానీ, నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

మా నాన్న చంద్రపూర్ దగ్గరి ఘుగ్గుస్ బొగ్గు గనిలో పని చేసేవాడు. కాలనీలో మావాళ్లంతా తెలంగాణ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే, ఆఫీసు కాగితాలేమో హిందీలో ఉండేవి, అందువల్ల మరాఠీ బడిలో పదో తరగతి దాకా హిందీ కూడా చదివిన నేను పద్దెనిమిదేళ్లకే కాలనీకంతటికీ రాతకోతల మనిషినయ్యాను. సెలవు చీటీ కానీ, బదిలీ అర్జీ కానీ, షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చి మా అరుగు మీద కూర్చుని చెబుతుంటే నేను రాసేదాన్ని. నా దస్తూరీ చూసుకుని నాకే మహా గర్వంగా ఉండేది.

ఎదురింటి వదిన తమ్ముడు మంచిర్యాల వైపు నుంచి వచ్చి కొత్తగా పనిలో చేరాడు. హిందీలో అక్షరం ముక్క రాదు. మొదట్లో అవసరానికి వచ్చేవాడు, తర్వాత అవసరం కల్పించుకుని వచ్చేవాడు. లేని జ్వరానికి ఎన్ని సెలవు చీటీలు రాశానో! వాళ్ల కులం వేరు, మా కులం వేరు, వదినా అన్న పిలుపు వాకిలి దాకానే. అది తెలిసి కూడా, గని సైరన్ మోగగానే నా చూపు వీధి మలుపుకే పోయేది. అతనంటే నాకు ప్రాణంగా ఉండేది, ఈ వయసులో దాచుకోవడమెందుకు.

ఆ రోజుల్లోనే నాగపూర్‌లో నర్సు శిక్షణకు నాకు పిలుపొచ్చింది. పెళ్లికాని పిల్లలనే తీసుకునేవారు. తెల్ల బట్టలు కట్టి, సొంత జీతం మీద బతకాలన్నది నా చిన్నప్పటి పంతం. అమ్మ ఏడ్చింది, కాలనీ ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు, నాన్న ఒక్కడే, "పంపిస్త బిడ్డా, గానీ ఎవ్వని పేరు పక్కన నీ పేరు ఇనబడొద్దు" అన్నాడు.

ఆ వారంలోనే అతను క్వార్టరు ఫారం తెచ్చాడు. ఆ ఇళ్లు పెళ్లైనవాళ్లకే ఇచ్చేవారు. నేను ఒక్కో గడీ చదివి నింపుతూ, భార్య పేరు అన్న చోట ఆగాను. అతను తలెత్తకుండా, "ఇష్టమైతే నీ పేరు రాయి, వచ్చే నెల లగ్గం చేస్కుందం. లేకుంటే ఖాళీగ ఉంచు, నాకు సమజైతది" అన్నాడు. లోపల నాన్న దగ్గు వినిపిస్తూనే ఉంది. నా పేరు రాస్తే నాగపూర్ అవకాశం పోతుంది, నలుగురిలో నాన్న తల వంగుతుంది. ఖాళీగా వదిలితే అతని ముఖం నా కళ్ల ముందే వాడిపోతుంది, అది చూసే ధైర్యం నాకు లేకపోయింది. పిరికిదాన్ని. పెళ్లి కాలేదని హిందీలో అందంగా రాసి ఇచ్చేశాను. అక్షరాలు కనబడగానే అవి నా పేరే అనుకున్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

అతను ఆ ఫారం ఆఫీసులో ఇచ్చేలోపే నేను నాగపూర్ వెళ్లిపోయాను. మొదటి సెలవులకు వచ్చినప్పుడు, మా సంగతేమీ తెలియని ఎదురింటి వదిన, తన తమ్ముడి వెర్రితనమంటూ చెప్పుకొచ్చింది. ముందే కొత్త స్టవ్వూ రెండు కంచాలూ కొన్నాడట, గుమస్తా ఫారం పైకి చదివి, పెళ్లి కానివాడికి ఇల్లెందుకని అడిగితే ఆఫీసంతా నవ్విందట, మర్నాడే పని మానేసి ఊరెళ్లిపోయాడట. ఆ స్టవ్వు మీద కాచిన చాయే నాకు ఇచ్చింది. చివరి చుక్క దాకా తాగాను.

ఉద్యోగం చేశాను, నలుగురిలో పేరు తెచ్చుకున్నాను, నాన్న గర్వపడ్డాడు. తర్వాత సంబంధాలు వచ్చినా మనసు ఒప్పలేదు. ఈ ఇంట్లో రోజూ కడిగేది ఒక్క కంచమే.

ఇప్పుడు ఎవరి ఫారం వాళ్లు ఫోనులోనే నింపుకుంటున్నారు, ఒకరి అరుగు మీద ఒకరు కూర్చుని మనసులో మాట చెప్పుకునే పని లేదు. ఫోను ఖాళీ గడిని ఒప్పుకోదని ఆ పిల్ల చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే ఆలోచన. ఆనాటి కాగితం ఒప్పుకునేది. ఆ ఫారంలో అతను చదవగలిగింది ఆ ఖాళీ ఒక్కటే, దాన్నీ నేను నింపేశాను.