దీవెనకు చెప్పని మెళకువ

పదిహేనేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దాన్ని నమ్మిన మనిషి ఇప్పటికీ నమ్ముతూనే ఉంది. పైగా కనిపిస్తే దణ్ణం పెడుతుంది. నేను భరించలేనిది అదే. చర్చిలో పాపసంకీర్తనానికి, అంటే ఫాదరుగారి ముందు పాపాలు ఒప్పుకోవడానికి, మోకరించినప్పుడల్లా కోపం, బద్ధకం, ప్రార్థన మానడం, ఇలాంటివి చెప్పి లేచి వచ్చేవాణ్ణి. ఇది మాత్రం గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నాది యానాం. ఒక ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. ఇంట్లో మాత్రం పియానో ఉంది. పాండిచ్చేరిలో నేర్చుకుని వచ్చిన ఒక పెద్ద టీచరుగారు చిన్నప్పుడు నాకు సంగీతం చెప్పారు. ముసలితనంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ తన పియానోను నాకు ఇచ్చేశారు. ఏటిగాలికి తీగలు తుప్పు పట్టేవి. వానాకాలంలో నొక్కిన మెట్టు పైకి లేచేది కాదు. అయినా అదే నా ప్రాణం.

నా జన్మకి ఒకే ఒక్క రచన సరిగ్గా వాయించాలని కోరుకున్నాను. నూరేళ్ళకు ముందే రష్యాలో ఒకాయన రాసినది. ఆరు పేజీలు. టీచరుగారింట్లో క్యాసెట్టులో మొదటిసారి విన్నప్పుడు వట్టి హోరులా అనిపించింది. ఎన్నోసార్లు విన్నాక, ఆ హోరు అడుగున సన్నటి పాట ఒకటి ఉందని తెలిసింది. ఎడమచెయ్యి వరదలా పోతూ ఉంటుంది. కుడిచేతి చిటికెనవేలు పాడుతుంది, అదే చేతి బొటనవేలు దానికి బదులు చెబుతుంది. ఒక్క చేతిలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలి. ఇరవై రెండేళ్ళు సాధన చేశాను. తప్పు లేకుండా వాయించిన రోజులు కూడా ఉన్నాయి. కానీ నా చేతిలో ఎప్పుడూ ఒక్కడే మాట్లాడేవాడు. రెండోవాడు ఒక్కనాడూ నోరు విప్పలేదు.

చివరి రెండు పేజీలు మరీ కష్టం. రాసినాయనవి పెద్ద చేతులట. ఆయన జానకు అందే స్వరాలు నాబోటివాడికి అందవు. అందుకు టీచరుగారు నాకొక మెళకువ చెప్పారు. అన్నీ ఒక్కసారి నొక్కక్కర్లేదు. కింది స్వరం ముందు తాకి, ఆ శబ్దం ఆగిపోకుండా కాలి కింది పెడల్ తొక్కిపట్టి, మణికట్టు వదులుగా ఉంచి చేతిని పై స్వరాల వైపు దొర్లిస్తే చాలు. వినేవాళ్ళకు అన్నీ కలిసే వినిపిస్తాయి. చిన్న చేతుల వాళ్ళందరూ అలాగే వాయిస్తారని, అందులో దొంగతనం ఏమీ లేదని ఆవిడ నవ్వుతూ చెప్పారు. ఈ సంగతి మీరు కాస్త గుర్తుంచుకోవాలి.

దీవెన పన్నెండేళ్ళప్పుడు నా దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న మెట్టకూరులో రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడు. చర్చిలో పాడే పిల్లల్లో ఈ అమ్మాయి చెవి వేరు. ఒకసారి విన్నది మరిచిపోయేది కాదు. నాలుగేళ్ళు చెప్పాను. నేను ఆఫీసులో ఉండగా మా ఇంట్లో కూర్చుని సాధన చేసుకునేది. నా రచన మాత్రం నేనెప్పుడూ ఆమెకు చెప్పలేదు, ఆమె ముందు వాయించలేదు. నా ఓటమి ఒకరు చూడటం నాకు ఇష్టం లేకపోయింది.

ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. గేటు దగ్గరే ఆగిపోయాను. లోపల నా పాట. కొన్ని చోట్ల తడబాటు ఉంది, చివర్లో స్వరాలు గట్టిగా గుద్దుకుంటున్నాయి. కానీ మధ్యలో, ఆ ఒక్క పేజీలో, ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నారు. స్పష్టంగా. ఒకరు అడుగుతున్నారు, ఒకరు ఓదారుస్తున్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సంతోషంతోనే వచ్చాయని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమైతే లోపలికి వెళ్ళి ఉండేవాణ్ణి కదా? వెళ్ళలేదు. వెనక్కి తిరిగి ఏటిగట్టు మీదికి పోయి సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ కాఫీ ఇస్తూ, "మజ్జానం ఎప్పుడొచ్చెళ్ళారండీ? పక్కింట్లో కూర్చుని విన్నాను. ఇన్నాళ్ళకి కుదిరింది మీకు ఆ పాట," అంది.

నేను అవునన్నాను.

రెండు రోజుల తర్వాత దీవెన పాఠానికి వచ్చి పియానో మెట్ల మీద చెయ్యి పెట్టకుండా కూర్చుంది.

"మాస్టారూ, చెయ్యి నొప్పెడతందండి. ఇక్కడ, మణికట్టు కాడ."

"ఏం వాయిస్తున్నావు?"

తల దించుకుంది. "మీదేనండి. పియానో మీదున్న మీ కాగితాలు చూసి, మీకు చెప్పకుండా మొదలెట్టేశానండి. ఆఖర్ని స్వరాలు అందట్లేదండి నాకు. లాగి లాగి కొడతన్నాను."

మెట్ల మీద చెయ్యి చాపమన్నాను. చాపింది. నా చిటికెనవేలు ఎక్కడిదాకా వెళుతుందో ఆమెదీ సరిగ్గా అక్కడికే వెళ్ళింది. వారం రోజులు విశ్రాంతి, ఒక చిన్న మెళకువ, అంతే కావాలి. అది నా నాలుక చివర ఉంది.

"నీ చెయ్యి చిన్నదమ్మా. దీనికి పనికి రాదు. ఇలాగే లాగావంటే నరం పోద్ది. రేపు పెన్ను పట్టుకోడానిక్కూడా రాదు."

ఆమె ముఖం పాలిపోయింది. "అయితే ఈ పాట మానెయ్యమంటారాండి, మొత్తం మానెయ్యమంటారా?"

అదిగో, అక్కడ నాకొక దారి దొరికింది. ఈ పాట ఒక్కటే అని ఉంటే అబద్ధం సగంలో ఆగేది. ఎందుకు అనలేదు? ఆ క్షణాన నాకేమీ తెలియలేదని అనుకుందామంటే, అన్నీ తెలిసే ఉన్నాయి.

"మొత్తం," అన్నాను.

"ఆయ్," అని తలూపింది. మాస్టారు చెప్పాక అడగడానికేముంది?

మర్నాడు వాళ్ళ నాన్న గిన్నెడు రొయ్యలు పట్టుకొచ్చి, బిడ్డ చెయ్యి కాపాడానని కృతజ్ఞతలు చెప్పి వెళ్ళాడు. అవి వండుకుని తిన్నాము.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు దీవెన ఊరికే వినడానికి వచ్చేది. ఆ పాటే వాయించమని అడిగేది. చివరి రెండు పేజీల ముందు ఆపేసేవాణ్ణి, ఒంట్లో బాగాలేదనేవాణ్ణి. చేతిని నేనెలా దొర్లిస్తానో చూస్తే ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. నెమ్మదిగా రావడం మానేసింది. ఇంటర్ తర్వాత చదువు సాగలేదు. పెళ్ళయింది. రొయ్యలు ఒలిచి ప్యాక్ చేసే షెడ్డులో పనికి కుదిరింది. రోజంతా ఐసులో చేతులు.

నేనా? ఆ పాట మళ్ళీ ఎత్తుకున్నాను. మధ్య పేజీ దగ్గరికి రాగానే ఆమె వాయించిందే వినిపించేది, నాది వినిపించేది కాదు. రెండు మూడేళ్ళు పెనుగులాడి వదిలేశాను. ఆమెను ఆపితే నాకు వస్తుందనుకున్నానా? ఏమో. అలా కూడా అనుకోలేదు. ఆ శబ్దం నా ఇంట్లో వినిపించకూడదనుకున్నాను, అంతే.

పోయిన నెల చర్చి మెట్ల దగ్గర దీవెన కనిపించింది. వేళ్ళు వాచి, చర్మం పగిలి, కణుపులు వంగిపోయి ఉన్నాయి. బాగున్నావా అని అడిగాను. నవ్వింది.

"మీరు ఆనాడు ఆపబట్టి సరిపోయిందండి మాస్టారు. లేపోతే ఈ పాటి పనిక్కూడా చెయ్యి ఉండేది కాదు."

అప్పుడు చెప్పాలనుకున్నాను. ఒట్టు, నోరు తెరిచాను. కానీ ఏమని చెప్పను? చెబితే ఆ వేళ్ళు తిరిగి రావు, పదహారేళ్ళ వయసు తిరిగి రాదు. ఉన్న కాస్త నెమ్మది కూడా పోతుంది. ఆమె మేలు కోరే ఊరుకున్నానని ఇంటికి నడుస్తూ సర్దిచెప్పుకున్నాను. ఇదీ అబద్ధమే. ఆ కళ్ళలో నా మీదున్న గౌరవం పోతుందని ఊరుకున్నాను. రేపు కనబడ్డా ఊరుకుంటానేమో. నన్ను నేను ఎరుగుదును.

దీవెన చెయ్యి చిన్నది కాదు. నాకంటే బాగా వాయించింది, అది చూడలేక ఆపేశాను. ఈ రెండు వాక్యాల కోసం పొద్దున్నుంచి ఇన్ని కాగితాలు రాశాను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదు.