ఇంటికి తీసుకుపోయే తీగ

నా చిన్నప్పుడు ఒక కారుకు వైపరు మొత్తం నేనొక్కణ్ణే బిగించాను. మోటారు, స్విచ్చు, తీగలు, అన్నీ. అప్పటికి నాకు పదేళ్ళు. ఈ మాట మా మనవలకు చెప్పాను, పెళ్ళిళ్ళలో పక్కన కూచున్న వాళ్ళకు చెప్పాను, ఒకసారి రైల్లో ఎదుటి సీటాయనకు చెబితే ఆయన ముచ్చటపడి అరటిపండు ఇచ్చాడు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కనుక కొంచెం తగ్గించక తప్పదు. పదేళ్ళు కాదు, పన్నెండు. బిగించింది నేను కాదు. నేను చేసిందల్లా డ్యాష్‌బోర్డు కింద దూరి నాలుగు తీగలు అందించడం. ఆ నాలుగింటిలో ఒకటి తప్పు తీగ.

మా ఇల్లు ఉప్పుగూడలో. మా బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. బడి వదలగానే నేను బాపు దగ్గరికి పోయేవాణ్ణి, కానీ ఆ ఘాటుకు తుమ్ములు ఆగక ఎదురుగా ఉన్న చాచా దుకాణంలో కూచునేవాణ్ణి. గల్లీ అంతా ఆయన్ను చాచా అనే పిలిచేది. లారీలకు దీపాలు, హారన్లు, డైనమోలు బాగుచేసే మనిషి. నడుస్తున్న మోటారు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉండేది.

ఆ ఏడాది చలికాలం నుంచి ఆయన నాకో పని పెట్టాడు. "బేటా, ఎర్రదియ్యి. ఇప్పుడు పచ్చదియ్యి" అనేవాడు. నేను తీగల చుట్టలోంచి తీసి ఇచ్చేవాణ్ణి. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "వీనియి గద్ద కండ్లు భాయ్. చీకట్ల గూడ రంగు చెప్తడు" అనేవాడు. గద్ద కళ్ళవాడినని నేను బడిలో కూడా చెప్పుకుని తిరిగాను. పక్కనే ఉన్న తీగను ఆయన నన్నెందుకు అడుగుతున్నాడని ఒక్కసారైనా అనుకోలేదు.

మిరుగం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, ఇంకో రెండు రోజులుందనగా డాక్టరమ్మ తన కారు తెచ్చి దుకాణం ముందు పెట్టింది. ఆమెది కోస్తా వైపు ఊరు. పాత బస్తీలో ఏ గల్లీలో పురుడు వచ్చినా తనే ఆ నల్ల కారు నడుపుకుంటూ పోయేది. ఆ కారు అప్పటికే నాకంటే, బహుశా మా బాపు కంటే కూడా పెద్దది. దాని వైపరు మోటారు కాలిపోయింది. వానాకాలంలో వైపరు లేకుండా ఇరుకు గల్లీల్లో బండి నడపలేనని, ఎల్లుండి సాయంత్రానికల్లా కావాలని చెప్పి వెళ్ళింది. ఆ వారంలో ఆమె చేతిలో మూడు కాన్పులున్నాయట.

అలాంటి కారుకు కొత్త మోటారు దొరకదు. చాచా పాత సామాను గుట్టలోంచి వేరే బండి మోటారు ఒకటి, దానికి సరిపడే స్విచ్చు ఒకటి వెతికి తెచ్చాడు. మోటారు నుంచి నాలుగు తీగలు లోపలికి వస్తాయి. నల్లది కారు ఒంటికి. పచ్చది కరెంటు తెచ్చేది. ఎర్రది మోటారును తిప్పేది. నాలుగోది కత్తాయి రంగుది, అంటే పాన్‌లో వేసే కాచు రంగు. దాని సంగతి చెప్పేటప్పుడు చాచా గొంతు మారేది. "గిది ఇంటికి తీస్కపోయే తీగ. మనం బందు జేసినంక గూడ గిండ్ల కరెంటుంటది. బ్లేడ్లను కిందికి దింపి, పండవెట్టి, అప్పుడే ఆగుతది. గిది లేకుంటే ఏడ ఆపితే ఆడ్నే నిలవడ్తయి, కండ్లకు అడ్డం."

నేను డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను. చాచా సీట్లో కూచుని పైనుంచి చెయ్యి చాపాడు. నల్లది ఇచ్చాను, పచ్చది ఇచ్చాను, ఎర్రది ఇచ్చాను. నాలుగో దానికి వచ్చేసరికి నా మొహం మీద రెండు తీగలు వేలాడుతున్నాయి. ఒకటి మోటారుది, ఒకటి ఎప్పుడో తీసేసిన పాత దీపానిది. రెండింటికీ ఏళ్ళ నాటి జిడ్డు, మసి. చొక్కా అంచుతో తుడిచాను. అయినా రెండూ ఒకేలా ఉన్నాయి. పైనుంచి చెయ్యి అలాగే చాచి ఉంది. నాకు కనబడటం లేదు చాచా అంటే సరిపోయేది. గద్ద కళ్ళవాడు ఆ మాట ఎలా అంటాడు? కుడివైపుది చేతిలో పెట్టాను.

స్విచ్చు బిగించాక చాచా సీట్లోనే ఉండి, నన్ను కారు ముందు నిలబడి చూడమన్నాడు. వైపర్లు బ్రహ్మాండంగా ఊగాయి. ఆయన స్విచ్చు ఆపాడు. బ్లేడ్లు అద్దం మధ్యలో టక్కున నిలబడిపోయాయి. "పండుకున్నయా బేటా?" అని లోపలి నుంచి అడిగాడు. అద్దం మీద గల్లీ దుమ్మంతా ఉంది. నేను బ్లేడ్లను చేత్తో కిందికి నొక్కి, "పండుకున్నయ్ చాచా" అన్నాను. రెండోసారి వేసి ఆపాడు. రెండోసారీ చేత్తో దించాను. మూడోసారి చాలాసేపు ఆగి, మెల్లగా, "మంచిగ చూసి చెప్పు, పండుకున్నయా?" అన్నాడు. అప్పుడూ అదే చెప్పాను.

ఆయన దిగాడు. సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి, డాక్టరమ్మ సంచి పట్టుకుని వచ్చింది. యాకుత్‌పురా దగ్గర ఒక ఇంట్లో నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చిందట. తాళం చెవి కోసం చెయ్యి చాపింది. చాచా తాళం చెవి ఇవ్వలేదు.

"అమ్మా, ఈ బండి ఇయ్యాల ఇయ్యలేను. ఒక తీగ తప్పు వడ్డది."

"అదేమిటి భాయ్, ఇప్పుడేగా తిరుగుతుంటే చూశాను?"

"తిరుగుతున్నయి. కానీ ఆర్నెల్ల సంది నాకు రంగులు కనవడ్తలేవమ్మా. అన్నీ మట్టి రంగే. ఒకటి తప్పైతే మిగిలిన మూడు సరిగున్నయని నేనెట్ల చెప్పాలె? నడిమిట్ల కాలితే నువ్వు వానల ఉంటవు."

అప్పటికి ఇద్దరు ముగ్గురు దుకాణాలవాళ్ళు చూరు కిందికి చేరారు. ఎదుటి బ్యాటరీ దుకాణం ఆయన నవ్వుతూనే, "ఏంది చాచా, గిన్ని రోజులు మా లారీలన్నీ గుడ్డిగనే చేసినవా?" అన్నాడు. ఎవరో నవ్వారు. చాచా తల వంచుకోలేదు. "అవ్ భాయ్. చెప్పకపోవుడు నా తప్పు" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నా వైపు కూడా చూడలేదు.

నేను ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ ఎప్పుడూ ఒక వాక్యం చేరుస్తాను. "అప్పుడు నేను ముందుకు వచ్చి, తప్పు నాది అని అందరి ముందూ చెప్పాను" అంటాను. వినేవాళ్ళకు బాగుంటుంది. నిజానికి నేను కారు వెనక్కి జరిగి, మిర్చి బస్తాల పక్కన నిలబడి తుమ్మాను. అంతే. డాక్టరమ్మ రిక్షా ఎక్కి, సంచిని కొంగుతో కప్పుకుని వానలో వెళ్ళిపోయింది. బాపుతో నేను ఇంటికి పోయాను. అమ్మ అన్నం పెడుతున్నా రిక్షా ఎక్కడ ఆగిపోయిందో, ఆ ఇంట్లో ఏమైందో అన్న ఆలోచనే.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఏదో సాకు చెప్పి ఉస్మాన్‌గంజ్ పోయాను. చాచా ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి, కారు తలుపు తీసి, డాక్టరమ్మ కూచునే సీట్లో కూచోమన్నాడు. ఇత్తడి చెంబుతో అద్దం మీద నీళ్ళు పోశాడు. స్విచ్చు వెయ్యమన్నాడు, వేశాను. ఆపమన్నాడు, ఆపాను. బ్లేడు సరిగ్గా నా ముక్కుకు ఎదురుగా నిలబడింది. ఆయన ఇంకో చెంబు పోశాడు. గల్లీ, గోడ, చాచా అన్నీ నీళ్ళలో కరిగిపోయాయి. ఆ నల్ల బ్లేడు ఒక్కటే కనబడింది.

"నాకు కనవడలే చాచా" అన్నాను. అద్దం ఇవతల ఉన్నాను కనుక అనగలిగానేమో. "అందాజుగ ఇచ్చిన. బ్లేడ్లు గూడ చేత్తోనే దించిన."

ఆయన చెంబు పక్కన పెట్టి వచ్చి, తలుపు దగ్గర గొంతుక్కూచున్నాడు. "ఎరుకే బేటా. బందు జేసినంక మోటరు ఇంకొంచెం మూలగాలె. నిన్న మూడుసార్లు మూలగలే. నా చెవులకేం గాలేదు గద."

మరి నిన్న అందరి ముందూ నన్నెందుకు అనలేదని అడిగాను.

"ఏమని అనాలె? నీకు కనవడలే, నువ్వు చెప్పలే. నాకు కనవడలే, నేను చెప్పలే. నువ్వు దాసింది ఒక్క దినం. నేను ఆర్నెల్లు."

ఆ తర్వాత ఆయన అల్మారాలోంచి ఒక చిన్న బల్బు, రెండు తీగలు తీశాడు. తీగకు ఒక కొసన కరెంటు పెట్టి రెండో కొసన బల్బు పెడితే, వెలిగిందే సరైన తీగ. రంగుతో పనే లేదు. ఇంత సులువైంది ముందే ఎందుకు చెయ్యలేదంటే, ఉస్తాదు అయ్యుండి ఒక్కో తీగకూ బల్బు పెడితే ఏమైందని నలుగురూ అడుగుతారని సిగ్గు పడ్డాడట. ఆ పూటంతా గల్లీలో అందరూ చూస్తుండగానే బల్బు పెట్టి నాలుగు తీగలూ మళ్ళీ కలిపాడు. బల్బు పట్టుకున్నది నేనే. ఈ మాట మాత్రం నిజం. చివర స్విచ్చు ఆపితే మోటారు ఒక్క క్షణం మూలిగి, బ్లేడ్లు దిగి అద్దం అంచున పడుకున్నాయి. ఇద్దరం దాన్నే ఏ పదిసార్లో చూశాం.

డాక్టరమ్మ మధ్యాహ్నం వచ్చింది. తడిసినా వేళకే చేరిందట, ఆడపిల్ల పుట్టిందట. కారు తీసుకుంటూ చాచా కనురెప్ప పైకెత్తి చూసి, శుక్లమని చెప్పి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. ఆపరేషన్ అయ్యాక సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి కానీ చూపు పూర్తిగా రాలేదు. లారీలవాళ్ళు సగం మంది వేరే దుకాణాలకు పోయారు. మిగిలిన సగం మందికి ఆయన చివరిదాకా బల్బు పెట్టే పని చేశాడు, ఆలస్యంగా, దాచకుండా. బ్యాటరీ దుకాణం ఆయన కూడా ఆ మిగిలిన సగంలోనే ఉన్నాడు.

నేను కోతలు కోయడం మానలేదు. ఆ గుణం నాతోనే పోతుంది. ఇప్పుడు మావాడి కారులో వెనక సీటులో కూచుని మనవడికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను, చెప్పేకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. వాన వెలిసి మావాడు వైపరు స్విచ్చు ఆపినప్పుడు మాత్రం నా నోరు దానంతట అదే ఆగుతుంది. చెవి పెట్టి వింటాను. మోటారు ఇంకొంచెం మూలుగుతుంది, బ్లేడ్లు కిందికి దిగి పడుకుంటాయి. అప్పుడు మనవడి వైపు తిరిగి, ఇందాక చెప్పినదాంట్లో నిజం ఎంతో చెబుతాను.