తెర వెనక ఊదనన్న ఎఫీ

ఎఫీ గిల్లిస్‌కి కోపం ఎక్కువని మా కేప్ బ్రెటన్ దీవి పడమటి ఒడ్డున అందరికీ తెలుసు. పగలంతా చేపల ఫ్యాక్టరీలో లాబ్‌స్టర్ల పెంకులు పగలగొట్టేది. శనివారం వస్తే బ్యాగ్‌పైపు అనే పైపుల తిత్తి చంకన పెట్టుకుని, అన్నకొడుకు రోరీ నడిపే ‘ఉప్పుగాలి’ బ్యాండులో ఊదేది. తాతల నాటి గేలిక్ భాష పాటలకి ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు తగిలించారు వాళ్లు. మొదట్లో ముసలాళ్లు చెవులు మూసుకున్నారు. ఎఫీ తిత్తి అందుకునేసరికి వాళ్లే ముందు లేచి గెంతులేశారు. దీవిని అవతలి గడ్డతో కలిపే సముద్రపు కట్ట దాటి అక్కడికీ పేరు పాకింది. జనం కార్లేసుకుని బ్యాండు వెంట తిరగడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలో పట్నం నుంచి పెద్ద సంగీతోత్సవానికి పిలుపొచ్చింది. దాని పోస్టరు ఎవరో ఫ్యాక్టరీ క్యాంటీన్ గోడకి అంటించారు. ఎఫీ టీ కప్పుతో వెళ్లి చూసింది. రోరీ ఉన్నాడు, డ్రమ్మర్ ఉన్నాడు. తిత్తి పట్టుకుని నవ్వుతున్నది మాత్రం ఎవరో పడుచుపిల్ల.

“ఒక్క వారంలో ఎంత చిన్నదానివైపోయావే ఎఫీ,” అంది పక్కన నిలబడ్డ తోటి కూలీ డోలీనా.

ఎఫీ నవ్వలేదు. పని దిగగానే ఏప్రనైనా విప్పకుండా రోరీ ఇంటికెళ్లింది.

“ఎవర్రా ఆ పిల్ల?”

రోరీ గిటారు తీగ బిగిస్తూ తలెత్తలేదు. “మోడల్ అత్తా. పట్టుకుని నిలబడుతుందంతే. నువ్వు తెర వెనక నుంచి ఊదుతావు. అలాగైతేనే రమ్మన్నారు.”

“నా మొహానికేమొచ్చింది?”

“కుర్రకారు చూడాలి కదా...”

“నీ వేళ్లు పట్టుకుని స్వరాలు నేర్పినప్పుడు ఈ మొహమేగా చూశావు. సరేనన్నావా వాళ్లతో?”

రోరీ ఇంకో తీగ బిగించాడు.

“తెర వెనక నీ కుక్కని కట్టేసుకో,” అని తలుపు విసిరికొట్టి వచ్చేసింది.

ఉత్సవంలో ఆ పిల్లని నిలబెట్టి, తిత్తి పాట రికార్డు వేసి లాగించేశారు. చప్పట్లు బాగానే పడ్డాయట. ఆ మాట విని ఎఫీకి ఒళ్లు ఇంకా మండింది. కొట్టంలో కూర్చుని ఊదుతుంటే పొరుగావిడ కేకేసింది: “ఎవర్ని చంపుతున్నావే?”

“ఇంకా చంపలేదు,” అంది ఎఫీ.

సొంత గడ్డ మీద మాత్రం రికార్డు ఆటలు సాగలేదు. శనివారాలు డాన్సులాడే జూడిక్ హాల్లో రెండో పాటకే ముసలి పడవవాడు ఆర్చీ డాన్సు ఆపి, “ఎఫీ ఏది?” అన్నాడు.

“ఒంట్లో బాగాలేదు,” అన్నాడు రోరీ.

“పొద్దున్నే చూశాను. గుండ్రాయిలా ఉంది.”

ఆర్చీ వెళ్లి కూర్చున్నాడు. ఒక్కొక్కరే అందరూ కూర్చున్నారు.

మర్నాడు రోరీ అత్త గుమ్మంలో నిలబడ్డాడు. “తప్పయిపోయింది. రా అత్తా.”

“నాకెందుకు చెప్తావు? అబద్ధం హాల్లో అందరికీ చెప్పావుగా. ఇదీ అక్కడే చెప్పు.”

మరుసటి శనివారం మైకు ముందు చెప్పాడు, పేరు కోసం అత్తని దాచబోయానని, అబద్ధమాడానని. చెవులు ఎర్రబడ్డాయి.

“వెనకున్నవాళ్లకి వినపడలా,” అన్నాడు ఆర్చీ.

రోరీ మళ్లీ చెప్పాడు. అప్పుడు ఎఫీ వేదికెక్కి, అతనికి అడ్డంగా ముందు నిలబడి ఊదింది. నేల అదిరిపోయేలా ఆడారు జనం.

తిరిగొస్తూ వ్యానులో రోరీ మెల్లగా అడిగాడు: “కోపం పోయిందా అత్తా?”

“రోడ్డు చూసి నడుపు,” అంది ఎఫీ.