తాళి మళ్ల కట్టుమని నేనడగ

మా ఇల్లు పురానాపూల్ దగ్గర. ఇంటెనక బర్లకొట్టం. మా తాత, మా బాపు పాలమ్మి బతికిండ్రు. నేను పెండ్లి ఫొటోలు తీస్త, అది గూడ ఎక్కువ సముద్రం ఒడ్డు పెండ్లిళ్లు. మూసీ తప్ప ఇంకో నీళ్లు చూడనిదానివి, నీకు బీచ్ పెండ్లిళ్లేందని మావోళ్లు అడుగుతరు. ఎందుకు తియ్యొద్దని నేనడుగుత.

కెమెరా పట్టుడు చార్మినార్ కాడ, గాజుల దుకాణాల గల్లీల ఉన్న స్టూడియోల నేర్చుకున్న. దాని యజమానిని అందరు భాయ్ అంటుండె. "ఆడపిల్లవు, లోపల కూసోని పాస్‌పోర్ట్ ఫొటోలు తియ్యి, బస్" అన్నడు. మస్తు రోజులు గట్లనే తీసిన. ఒకసారి ఒక షాదీల ఆడోళ్ల దిక్కుకు మగ ఫొటోగ్రాఫర్‌ను రానియ్యం అన్నరు. గత్యంతరం లేక భాయ్ నాకు కెమెరా ఇచ్చి పంపిండు.

మొదట అందరు వరుసగ నిలబడి నవ్విండ్రు. కొంచెం సేపటికి నవ్వి నవ్వి యాష్టకొచ్చి నన్ను మర్చిపోయిండ్రు. పాలు పిండేటప్పుడు బర్రె దగ్గర కూసున్నట్టే ఒక మూలకు సప్పుడు చెయ్యకుండ కూసున్న. పెండ్లిపిల్ల చేతులకు మెహందీ ఉందని వాళ్ల ఖాలా, అంటె చిన్నమ్మ, బిర్యానీ తినిపిస్తుంటె, ఆ పిల్ల నోరు నిండ పెట్టుకోని ఏదో చెప్పబోయి తనే నవ్వింది. అది తీసిన, అసొంటియే ఇంకొన్ని తీసిన. భాయ్ చూసి "యే క్యా హై? ఒక్కరు గూడ కెమెరా దిక్కు చూస్తలేరు" అన్నడు. ఆ పిల్ల తల్లి మాత్రం అవే ఏరుకోని పోయింది. పోజులు పెట్టించుడు గా రోజే బంద్ చేసిన. కెమెరా చేతుల లేనప్పుడు నా నోరు ఊకోదు, అది వేరే ముచ్చట.

మా గల్లీల ఒక పెండ్లికి విశాఖ చుట్టాలొచ్చిండ్రు. నా ఫొటోలు చూసి వాళ్లింట్ల పెండ్లికి పిలిచిండ్రు. గట్ల మొదలైంది సముద్రం.

భీమిలి పెండ్లి సంగతి చెప్త. తెల్లారంగ ముహూర్తం. ఇసుకల మండపం, ఎనక సముద్రం, గాలి ఒక్క తీరుగ కొడుతుంది. నన్ను పిలిచింది పిల్ల తరపువాళ్లు. డ్రోన్ తెచ్చింది పెండ్లికొడుకు బావ, వాళ్లక్క మొగుడు. సరిగ్గ తాళి కట్టే టైంకు గాలికి పెండ్లికొడుకు ఉత్తరీయం లేచి, ఆ పిల్ల మెడను, అతని చేతులను మొత్తం కప్పేసింది. గుడ్డ కిందనే ముడి పడ్డది. పిల్ల కండ్లు మూసుకుంది. నేను తీసిన.

అక్షింతలు పడంగనే బావ ఉరికొచ్చిండు.

"మేడం, డ్రోన్‌లో తాళి పడలేదు. ఇంకోసారి కట్టిస్తాం, మీరూ దగ్గరికొచ్చి తీయండి."

"ఒకసారి కట్టిండు గదన్నా."

"వీడియో కోసమండీ. విప్పి పైపైన పట్టుకుంటే చాలు."

పంతులు గూడ పర్లేదన్నట్టు తలూపిండు. పిల్ల తాళిని చేత్తోని ఒత్తి పట్టుకుంది. "నాకిష్టం లేదండీ" అన్నది. సన్నాయి సప్పుడుకు దగ్గరున్న నాకు తప్ప ఎవ్వరికి ఇనబడలే.

"పెండ్లిపిల్ల వద్దంటుంది" అని నేను గట్టిగ చెప్పిన.

బావ మొహం మారింది. "మీ పని ఫొటోలు తీయడం."

"అదే చేస్తున్న. అయినదాన్ని తీస్త. కానిదాన్ని అయినట్టు తీయ. తాళి మళ్ల కట్టుమని నేనడగ."

సన్నాయి ఆగింది. అందరు నా దిక్కే చూస్తున్నరు. నేను కెమెరా దించలే. అప్పుడు ఆ పిల్ల తలెత్తి, అందరికి ఇనబడేటట్టు "నాకిష్టం లేదు అన్నయ్యగారూ" అన్నది. పెండ్లికొడుకు ఉత్తరీయం సర్దుకోని, "వదిలేయండి బావా" అన్నడు.

బావ వదిలిపెట్టలే. భోజనాల కాడ నన్ను లోపలికి రావద్దన్నడు. పిలిచింది పిల్లవాళ్లు, పొమ్మనాల్సింది వాళ్లే అని అక్కడే నిలబడి అప్పగింతల దాకా తీసిన. తర్వాత ఆ దిక్కు పెండ్లిళ్లు చేయించేటోళ్లకు నేను పొగరుదాన్నని చెప్పిండంట. చాన రోజులు అటు దిక్కు నుంచి ఒక్క ఫోన్ రాలే.

ఇంటికొచ్చి చెప్తె బాపు గూడ నా దిక్కు మాట్లాడలే. పాలు పిండుకుంటనే, "రెండు నిమిషాల పని. తీస్తె ఏం బోతుండె బిడ్డా?" అన్నడు.

"నాదేం పోదు బాపు. ఆ పిల్ల మాట పోతుండె."

చేతులు తుడుసుకోని వచ్చి ఫొటో చూసిండు. "తాళేది?"

"గుడ్డ కింద ఉంది."

"కనబడ్తలేదు గదా."

"అప్పుడు ఎవ్వరికీ కనబడలే."

బాపు మళ్ల బర్రె దగ్గరికి పోయిండు. ఒప్పుకున్నడో లేదో ఇప్పటికీ నాకు తెల్వదు. నేను అడగలే.

కొన్ని రోజులకు ఆ పిల్ల ఫోన్ చేసింది. "ఆ గుడ్డ ఎగిరిన ఫొటో పెద్దది చేసి పంపండక్కా. మా ఆయన హాల్లో పెడదామంటున్నారు." ఇంకోసారి తన దోస్తు పెండ్లికి పిలిపించింది. గట్ల మెల్లగ సముద్రం దిక్కు మళ్ల దారి తెరుచుకుంది.

ఇప్పుడు ఎవరు పిలిచినా ముందే చెప్త: నేను ఎవ్వరిని నవ్వుమన, ఏడ్వుమన, అయిపోయినదాన్ని మళ్ల చెయ్యుమన. మొన్న ఒకాయన ఫోన్‌ల మొత్తం ఇని, "మరి మా మాట ఎవరు వినాలండీ?" అన్నడు. "పెండ్లి చేసుకునే పిల్లనడగండి, ఆమె మాట నేనింట" అన్న. పెట్టేసిండు. పెట్టేస్తె పెట్టేయనీ, నాకేం ఫికర్ లేదు.