మెర్సీతో కలిసి చేసిన పేరు లేని బొమ్మ

మా చిన్నప్పుడు చేతికి బంకమట్టి ఇస్తే అందరం వినాయకుణ్ణో, మామిడికాయనో చేసేవాళ్ళం... మాకు వచ్చిన బొమ్మలు అవే. తొమ్మిదో తరగతిలో కొత్తగా వచ్చిన డ్రాయింగు మాస్టారు ఆ రెండూ వద్దన్నారు!

భవానీపురంలో మా స్కూలు. వెనక వరండాలో గోనెపట్టాలు పరిచి, తడిగుడ్డ కప్పిన మట్టిముద్దలు పెట్టారు మాస్టారు. "ఇవాళ కోపం చెయ్యండి" అన్నారు.

"కోపం ఎట్టా ఉంటది సార్?" అంది వెనక నుంచి ఒకమ్మాయి.

"నీకెప్పుడూ రాలేదా? వచ్చినప్పుడు లోపల ఎట్టా ఉంటదో అట్టా చెయ్యి. ముక్కూ మొహం పెట్టొద్దు, అంతే."

క్లాసంతా ఒకటే నవ్వు... నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇద్దరికో ముద్ద చొప్పున పంచుతూ, నన్నూ మెర్సీనీ జట్టు చేశారు మరి.

మెర్సీ మా వీధి పిల్లే. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్ళమ్మగారు నర్సు. ఆవిడకి బందరు బదిలీ అయిందనీ, పరీక్షలు కాగానే వెళ్ళిపోతున్నారనీ క్లాసులో అందరికీ తెలిసింది... నాకు తప్ప. మంచినీళ్ళ కుళాయి దగ్గర వేరే పిల్ల చెబితే విన్నాను. అప్పటి నుంచి నేను మెర్సీతో మాట్లాడలేదు. అదీ నాతో మాట్లాడలేదు.

మాటల్లేకుండానే మట్టి పిసికాం. మెర్సీ పైకి లాగుతుంటే నేను కిందికి అణిచేదాన్ని. మోచేతుల దాకా మట్టి... చివరికి ముద్ద రెండుగా చీలి, ఒకటి అటూ ఒకటి ఇటూ ఒరిగింది. అడుగున మాత్రం కలిసే ఉన్నాయి. మధ్యలో వేలు పట్టేంత సందు.

"ఏంటిది అని అడక్కండి. చుట్టూ తిరిగి చూడండి. కళ్ళు మూసుకుని తడమండి" అన్నారు మాస్టారు. ఇలాంటి వాటిని అమూర్త శిల్పాలు అంటారని ఆ రోజే విన్నాను. కళ్ళు మూసుకుని మా బొమ్మని తడిమాను. నున్నగా జారుతూ వచ్చిన వేలు ఆ సందులో పడగానే మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి... దేని పోలికా లేని మట్టి నన్ను ఏడిపిస్తుందని అనుకోలేదు.

అంతలో హెడ్మాస్టరు గారు వచ్చారు. ఆదివారం తల్లిదండ్రులకి ఆ బొమ్మలు చూపించాలి.

"ఇదేంటమ్మా, విరిగిందా? మట్టి పెట్టి పూడ్చెయ్యండి. పెద్దవాళ్ళొస్తారు, బాగోదు."

నేను మట్టి కోసం వంగాను. మెర్సీ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దండీ సార్! అది విరగలేదండీ... మేమే అట్టా చేశాం."

"సరే, మరి ఏంటది?"

మెర్సీ నా వైపు తిరిగింది.

"నీకు చెబితే ఏడుస్తావని చెప్పలేదే... నువ్వు ఏడిస్తే నేనెట్టా వెళ్ళేది?"

ఇద్దరం ఆ మట్టి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాం. హెడ్మాస్టరు గారు తెల్లబోయి చూశారు. "అట్టాగే ఉండనివ్వండి సార్" అన్నారు మాస్టారు మెల్లగా. హెడ్మాస్టరు గారు తలూపి పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళారు.

మా నాన్నకి వన్ టౌన్‌లో బట్టల కొట్టు. ఆదివారం వచ్చి బొమ్మని ఎగాదిగా చూసి, "రోలు చెయ్యబోయి ఆపేశారా?" అన్నారు! మెర్సీ వాళ్ళమ్మగారు మాత్రం దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చీర చెంగుతో కళ్ళొత్తుకున్నారు. బొమ్మ సంగతి ఆవిడకి మేమెవరమూ చెప్పలేదు...

వేసవిలో వాళ్ళు వెళ్ళిపోయారు. కాల్చని మట్టి కదా, ఎండలకి బొమ్మ బీటలు వారి రాలిపోయింది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం... ఆ తర్వాత అవీ లేవు.

ఇప్పుడు మా అమ్మాయికి స్కూల్లో ప్రాజెక్టు ఇస్తే గవర్నర్‌పేటలో రెడీమేడ్ మోడల్ కొనిచ్చేస్తున్నాం. పిల్లల చేతులకి ఏదీ అంటదు. మొన్నొక ప్రదర్శనలో పోలిక లేని రాతి శిల్పం కనిపిస్తే, నాకు తెలియకుండానే చెయ్యి చాచాను. "ముట్టుకోకూడదండీ" అన్నాడు కాపలా అతను...

మీరూ ఎప్పుడైనా పక్కన ఒకరు కూర్చుని ఉండగా మట్టి పిసికారా? వాళ్ళిప్పుడు ఎక్కడున్నారో, మీరేం చేశారో చెప్పండి... పేరు లేని బొమ్మయినా సరే.