చెరో చెవి

పాకాల నుంచి తిరుపతికి పొద్దున ప్యాసింజరు రైల్లో నేనూ, మా అన్నా, అతని స్నేహితుడూ కలిసే ఉద్యోగాలకు వెళ్తాం. వాళ్లిద్దరికీ ఒక పాత విదేశీ సైకెడెలిక్ రాక్ బ్యాండ్ అంటే పిచ్చి. పేరు రాకముందు ఆ బ్యాండ్ జాజ్ కలిపి చేసిన మొదటి రికార్డు మీద నెల రోజులుగా వాదించుకుంటున్నారు.

“దీంట్లో జాజ్ యాడుండాదప్పా? ఉత్త డ్రమ్సే కదా” అంటాడు అన్న.

“చెవుల్లో గుబిలి తీసి వినబ్బా. పాటంతా శాక్సోఫోనే” అంటాడు స్నేహితుడు.

ఒకటే ఇయర్‌ఫోన్స్ చెరో చెవికి పెట్టుకుంటారు. ఆ రికార్డులో డ్రమ్సు ఒక వైపు, శాక్సోఫోన్ ఇంకో వైపు వినిపిస్తాయి. కిటికీ సీటు ఎప్పుడూ అన్నదే కాబట్టి ఎవరి వైపు ఏది వస్తుందో మారదు. ఈ సంగతి నాకు మొదటి వారమే తెలిసిపోయింది. ఆ పాటల గురించి నా డైరీలో నాలుగు పేజీలున్నాయి. ఒక్కసారైనా వాళ్ల మాటల్లో కలవాలని ఉంటుంది, నోరు రాదు.

నిన్న చంద్రగిరి దాటాక వాళ్ల వాదనతో తలనొప్పి భరించలేక అనేశాను. “ఒకరిది ఒకరు మార్చుకోని వినండన్నా.”

మార్చుకున్నారు. పాట మళ్లీ మొదటి నుంచి పెట్టారు.

“నువ్వు గూడా వింటావా పాపా ఇవి?” అన్నాడు అన్న.

వింటానని చెప్పబోయాను. ఈలోపే స్నేహితుడు అన్నాడు, “డ్రమ్సు కొట్టినోడే మొనగాడప్పా.”

“శాక్సోఫోన్ ముందర వాడెంతబ్బా” అని అన్న అటు తిరిగాడు.

తిరుపతి ఇంకా రాలేదు. నేను బ్యాగు తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.