అమ్మ నుదుట రెండు బొట్లు

మా చిన్నప్పుడు... ఓట్లు అడగడానికి వచ్చిన మగవాళ్ళు వీధి అరుగు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం కుంకుమ భరిణె పట్టుకుని తిన్నగా వంటింటి గుమ్మం దాకా వచ్చేసేవాళ్ళు. పెళ్ళికి పిలిచినట్టే బొట్టు పెట్టి, చేతిలో తమలపాకులు, వక్క పెట్టి "మా గుర్తు మర్చిపోకండి" అనేవాళ్ళు. బొట్టు పెట్టించుకుంటే మాట ఇచ్చినట్టే. జగ్గయ్యపేటలో మా వీధి లెక్క అదీ...

నేను మూడో తరగతిలో ఉండగా మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డుకి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు మా పక్కింటి సాంబయ్య మాస్టారు. పార్టీ లేదు, గుర్తు నిచ్చెన. వీధిలో పిల్లలందరికీ ఎక్కాలు వచ్చింది ఆయన అరుగు మీదే. అంతకుముందు ఏడు నాకు టైఫాయిడ్ వస్తే, నాన్న సరుకు కోసం బెజవాడ వెళ్ళిన రోజున, నన్ను రిక్షా ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ ఆయనే.

రెండో ఆయనకి మా వీధిలో ఎవరి పేరూ తెలియదు. కానీ ఆయన వెనక ఢిల్లీని ఏలే పార్టీ ఉంది. గెలిపిస్తే ఇంటింటికీ కుళాయి అన్నారు.

ఆ కుళాయి దగ్గరే మా అమ్మ ఇరుక్కుపోయింది...

మా ఇంటికి నీళ్ళు రావాలంటే అమ్మే మోయాలి. రెండు వీధుల అవతల చేదబావి. పొద్దున ఆరు బిందెలు, సాయంత్రం నాలుగు. నాన్నకి కిరాణా కొట్టు, నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. అమ్మ నడుం సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది, నేనూ అడగలేదు.

ముందు మాస్టారి భార్య కమలత్తయ్య వచ్చింది. రోజూ పెరడు గోడ మీంచి పప్పూ ఉప్పూ అందుకునే మనిషి, ఆ రోజు పట్టుచీర కట్టుకుని వీధి గుమ్మంలోంచి వచ్చింది. బొట్టు పెట్టి, తమలపాకులు అమ్మ చేతిలో పెట్టింది.

"వదినా, మీ అన్నయ్యగారిని మర్చిపోకు."

"ఎంతమాట వదినగారూ! మాస్టారికి కాక ఇంకెవరికి వేస్తాం?" అంది అమ్మ.

రెండ్రోజులకి పార్టీ ఆయన భార్య వచ్చింది. అమ్మ పెరట్లోకి పారిపోయి గోలెం పక్కన కూర్చుంది. నాయనమ్మ గోడ పట్టుకుని అక్కడికీ వెళ్ళింది.

"ముత్తైదువ బొట్టు పెడతానని గుమ్మంలో నిలబడితే దాక్కుంటావుటే? అశుభం కదూ! లే!"

"పక్కింటికి మాటిచ్చానత్తయ్యా..."

"మాట సంగతి తర్వాత. ముందు బొట్టు."

కమలత్తయ్య పెట్టిన బొట్టు ఎప్పుడో చెరిగిపోయింది. సరిగ్గా ఆ చోటే ఈ రెండో బొట్టూ పడింది. "మాకే కదమ్మా?" అని ఆవిడ అడిగితే, నాయనమ్మ చూస్తుండగా అమ్మ తలూపింది.

అన్నం తింటూ నాన్న తేల్చేశాడు. "మాస్టారు మంచోడే, కాదన్లేదు. పైనా వాళ్ళే, కిందా వాళ్ళే ఉంటేనే పనవుద్ది. మంచితనంతో గొట్టంలో నీళ్ళొస్తాయా?" అమ్మ పెరుగు వడ్డించింది.

ఓట్ల రోజు అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. లోపలికి పిల్లలు రాకూడదన్నారు. నేను రాగం ఎత్తుకునేసరికి ఆఫీసరు గారు విసుక్కుని, సరే లోపలికి పొమ్మన్నారు. అట్ట చాటున అమ్మ కాగితం పరిచి అలాగే నిలబడిపోయింది. ఎంతసేపో... బయట క్యూలో వాళ్ళు గొణుగుతున్నారు. అప్పుడు రబ్బరు ముద్ర తీసి నిచ్చెన మీద వేసింది. ఊపిరి పీల్చుకుని, పార్టీ గుర్తు మీద కూడా వేసింది.

బయటికొచ్చాక ఎన్ని రోజులకో అమ్మ మొహం తేటపడింది. "ఇద్దరికీ వేశానే... ఎవరి మాటా తప్పలేదు" అంది నాతో మెల్లిగా.

మాస్టారు నాలుగు ఓట్లతో ఓడిపోయారు.

ఓట్లు లెక్కపెట్టిన రోజు సాయంత్రం వీధి ఆడవాళ్ళంతా వాళ్ళింటికి వెళ్ళారు. మాస్టారు అరుగు మీద కూర్చుని నవ్వడానికి ప్రయత్నిస్తున్నారు. "చెల్లని ఓట్లే చాలా పోయాయమ్మా. చూస్తే అన్నిటి మీదా రెండేసి ముద్రలు... నిచ్చెన మీదొకటి, వాళ్ళ గుర్తు మీదొకటి. రెండు వేస్తే ఒకటీ చెల్లదని చెప్పాల్సింది, నాకు తట్టలేదు" అన్నారు.

అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. తలెత్తి చూశాను. అమ్మ ఒక్కతే కాదు... వరసగా నిలబడ్డ ఆడవాళ్ళందరూ నేల చూపులు చూస్తున్నారు.

కమలత్తయ్య అమ్మ దగ్గరికొచ్చి "నువ్వు మాకే వేశావుగా వదినా?" అని అడిగింది.

"వేశాను వదినగారూ... ఒట్టు" అంది అమ్మ. అది అబద్ధం కాదు. నాకు తెలుసు. అయినా ఆ తర్వాత అమ్మ పెరడు గోడ దగ్గరికి వెళ్ళడం తగ్గించేసింది. నేను మాత్రం మర్నాడు మామూలుగానే ఎక్కాలకి వెళ్ళాను, మాస్టారి మొహం చూడలేక పలక మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కుళాయి గొట్టాలు ఆ ఏడే వేశారు. వాటిల్లోకి నీళ్ళు రావడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. అప్పటిదాకా అమ్మ మోస్తూనే ఉంది.

ఇప్పుడు నేను నందిగామలో కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఈసారి మా వార్డులో ఎదురింటమ్మాయి నిలబడింది. వీధి లైటు పోతే స్తంభం దగ్గర నిలబడి బాగుచేయించే పిల్ల... ఏ పార్టీ లేదు. అవతల పెద్ద పార్టీ. అచ్చం అప్పట్లాగే ఇద్దరి తరఫునా వచ్చి బొట్టు పెట్టారు, ఇద్దరికీ తలూపాను. ఎంత చదువుకుంటే ఏం లాభం!

మిషను ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒకటే మీట నొక్కాలి... నొక్కాను. బీప్‌మంది. నా ఓటు చెల్లింది.

ఎదురింటమ్మాయి పది ఓట్ల లోపే ఓడిపోయింది. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నవ్వుతూ "ఆంటీ, మీరు మాకే వేశారుగా?" అంది.

"వేశానమ్మా" అన్నాను. అమ్మలా ఒట్టు మాత్రం వేయలేకపోయాను...

మీ ఇళ్ళల్లో కూడా ఇలా రెండు బొట్ల మధ్య ఇరుక్కుపోయిన అమ్మలున్నారా? వాళ్ళు ఏం చేశారో రాయండి... మీరేం చేశారో చెప్పకపోయినా ఫర్వాలేదు.